హేరోదు లేని క్రిస్మస్

డిసెంబరు వస్తే మన సంఘాల్లో సెమీ క్రిస్మస్‌ల హడావిడి. పిల్లలకు గొల్లల వేషాలు, జ్ఞానుల వేషాలు కడతాం. ప్రసంగం మత్తయి రెండో అధ్యాయం పన్నెండో వచనం దాకా నడుస్తుంది, ఆపైన కేకు కోస్తారు. పదహారో వచనంలో హేరోదు మనుషుల్ని పంపి బేత్లెహేములో రెండేళ్లలోపు మగపిల్లలందరినీ చంపిస్తాడు. అదీ సువార్తే. ఆ రక్తాన్ని తుడిచేసి చెప్పేది క్రీస్తు జననం కాదు.

ఆ పిల్లల కోసం ఏడ్చే తల్లిగా మత్తయి రాహేలును తలుచుకుంటాడు. ఆమెదని చెప్పే సమాధి బేత్లెహేము అంచునే ఉంది. 2002 నుంచి ఇజ్రాయెలు కడుతూ వచ్చిన కాంక్రీటు గోడ ఎనిమిది మీటర్ల ఎత్తున దాన్ని చుట్టేసింది. పక్కింటి పాలస్తీనా మనిషి అక్కడికి వెళ్లలేడు. ఈ గోడ చట్టవిరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం 2004లోనే చెప్పింది. గోడ అలాగే ఉంది. ఇదే ఊరి దారి పట్టించి, నిండు చూలాలైన మరియను కైసరు ఆజ్ఞ రోడ్డుకీడ్చింది. ఈ కాలంలో పాలస్తీనా స్త్రీలు చెక్‌పోస్టుల దగ్గర దారిలోనే ప్రసవించారని ఐక్యరాజ్యసమితి నివేదికలు చెబుతున్నాయి. మనమేమో "నీ హృదయంలో స్థలముందా?" అని అడిగి కూర్చుంటున్నాం. స్థలం అడిగింది కడుపుతో ఉన్న మనిషి!

గాజా యుద్ధం మూలంగా 2023లో బేత్లెహేము పండుగ సంబరాలు మానేసింది. అక్కడి లూథరన్ చర్చిలో పాస్టర్ ముంతెర్ ఐజక్, ఆయన సంఘమూ పశువుల తొట్టికి బదులు పగిలిన సిమెంటు పెళ్లలు పేర్చారు. బాలయేసును పాలస్తీనా కెఫియే కండువాలో చుట్టి ఆ శిథిలాల నడుమ పడుకోబెట్టారు. ఆ రోజుల్లో గాజా పిల్లలు అలాంటి శిథిలాల కిందే చనిపోతూ ఉన్నారు. అప్పుడు మన తెలుగు ప్రసంగీకుల్లో కొందరు గాజా మీద ఇజ్రాయెలు వేసిన బాంబుల్లో ప్రవచనాల నెరవేర్పు చూసి హల్లెలూయ అనిపించారు. పసిబిడ్డల చావుకు స్తోత్రమా? 2023 అక్టోబరు 7న హమాస్ చంపిన ఇజ్రాయెలు బిడ్డలకూ రాహేలే తల్లి. వాళ్ల కోసం ఏడ్చే కన్ను గాజా కోసం ఏడవకపోతే అది రాహేలు కన్ను కాదు.

అయ్యగార్లారా, ఈ డిసెంబరులో పద్దెనిమిదో వచనం దాకా చదవండి. గాజా అని పేరెత్తి ప్రార్థించండి. హోలీల్యాండ్ టూర్లు కట్టేవాళ్లు బేత్లెహేము గుడి చూపించి అరపూటలో బస్సెక్కించెయ్యకండి. ఒక్క ఆదివారం ఆ ఊళ్లో ఆగి, అక్కడి క్రైస్తవుల పక్కన ఆరాధనకు కూర్చోండి, వాళ్లు చెప్పేది వినండి.