మా తెల్ల బురద ఏ జాబితాలో ఉంది?

రాత్రి తొమ్మిది దాటాక ట్రాక్టరు పంపేవాణ్ణి. పగలు పంపితే ఎవరో ఒకరు అడ్డం పడతారు. బేతంచెర్లలో పదిహేడేళ్లు బండల ఫ్యాక్టరీ నడిపాను. రెండు కటింగ్ మిషన్లు, ఒక పాలిష్ మిషన్. బ్లేడు మీద నీళ్లు పడుతుంటే నాపరాయి తెగుతుంది, తెగిన పొడి ఆ నీళ్లలో కలిసి తెల్లటి బురదై తొట్టిలోకి దిగుతుంది. తొట్టి నిండితే ఎత్తిపోయాలి. ఎక్కడ? "యాడన్నా పోసి రాపో" అనేవాణ్ణి డ్రైవరుతో. రోడ్డు పక్కనో, వంక ఒడ్డునో, బీడు పొలంలోనో పోసి వచ్చేవాడు. యాడ పోశావని నేను అడిగిందీ లేదు, అతను చెప్పిందీ లేదు. ఈ నాలుగు మాటలు రాసే అర్హత నాకెంతుందో ఆ కుప్పలకే తెలుసు.

ఫ్యాక్టరీ వాళ్లం అందరం ఒకటే మాట అనేవాళ్లం: ఇదేమన్నా సైనైడా, రాతిపొడే కదా. నిజమే, అది సైనైడు కాదు. తడి ఉన్నన్నాళ్లు బురద, మార్చి దాటితే పిండి. లారీ ఒకటి పోతే చాలు, లేచి కంది చేను మీద, ఆరేసిన బట్టల మీద, బడి వరండాలో కూర్చుంటుంది. పొలంలో పడిన చోట మట్టి రంధ్రాలు పూడుకుపోయి వాన నీళ్లు లోపలికి దిగవు. ఇక్కడి నేల కింద సున్నపురాయి, దాని నిండా సందులు, సొరంగాలు. 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వించిన బిల్లసర్గం గుహలు మా ఊరికి దగ్గర్లోనే ఉన్నాయి. ఇటువంటి నేలలో నీళ్లు మెల్లగా వడగట్టుకుంటూ దిగవు, సందు దొరికితే నేరుగా బోర్లలోకి పోతాయి. పైన ఏం పోశామన్నది అందుకే ముఖ్యం.

2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి అనుమానం ఉన్న స్థలాల జాబితా పంపాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో తొలి పరీక్ష చేయాలి. చెడగొట్టినవాడే ఖర్చు పెట్టి శుభ్రం చేయాలి. చదివి సంతోషపడ్డాను. ఆ తర్వాత మినహాయింపుల దగ్గరికొచ్చాను. గనుల తవ్వకంతో వచ్చే కాలుష్యం, రేడియోధార్మిక వ్యర్థాలు ఈ నిబంధనల కిందికి రావు. వాటిలో వేరే విషపదార్థం కలిసి హద్దు దాటితే తప్ప. వాటికి వేరే చట్టాలున్నాయట.

కర్నూలు, నంద్యాల, కడప పటం పరిచి ఆ రెండూ చెరిపేస్తే మనకు మిగిలే కాలుష్యం ఎంత?

గని చట్టం గని హద్దు దగ్గర ఆగుతుంది. బండ లారీ ఎక్కి మా ఫ్యాక్టరీకి వచ్చాక అది గని కాదు. పోనీ ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు చూస్తే, 2016 నాటి ఆ జాబితాల్లో రాతికోత బురద లేదు. అటు గనీ కాదు, ఇటు విషమూ కాదు. రెండు ఊళ్ల పొలిమేర మధ్య పడిన శవంలా ఉంది మా బురద సంగతి, ఎవరూ ముట్టరు.

హద్దు ఎవరు గీస్తారన్నది చిన్న విషయమేమీ కాదు. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో 2012 నుంచి యురేనియం శుద్ధి జరుగుతోంది. వ్యర్థాల చెరువు దగ్గర బోర్లూ అరటి తోటలూ చెడిపోయాయని రైతులు ఫిర్యాదు చేస్తే 2018లో నిపుణుల కమిటీ వేశారు. లీటరు తాగునీటిలో యురేనియం 60 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చని అణుశక్తి నియంత్రణ మండలి చెబుతూ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 30 అంది, భారత ప్రమాణాల సంస్థ కూడా 2021లో 30కే వచ్చింది. అంటే 45 ఉన్న చెంబు నీళ్లు ఒక ఆఫీసులో మంచివి, ఇంకో ఆఫీసులో చెడ్డవి. తాగే మనిషి మాత్రం ఒకడే.

మా దగ్గర అసలు కొలతే లేదు. నాపరాయిలో ఎక్కువ భాగం సున్నమే అయినా సిలికా ఎంతో కొంత ఉంటుంది, గని గనికీ మారుతుంది. నా ఫ్యాక్టరీ గాలిలో అదెంతో పదిహేడేళ్లలో ఎవరూ కొలవలేదు. నేనూ కొలిపించలేదు. పాలిష్ మిషన్ మీద ఏళ్లకేళ్లు నిలబడిన మా పనివాడు ఒకాయన దగ్గుతో ఆసుపత్రికి పోతే టీబీ అన్నారు. ఆర్నెల్లు మాత్రలు మింగాడు. ఏం పని చేస్తావని అక్కడ అడిగినవాళ్లు లేరు. ఒకరోజు నా దగ్గరికొచ్చి, "అన్నా, మాత్ర మింగితే రాయి కరుగుతాదా?" అన్నాడు. ఏం చెప్పాలో తెలియక టీ తెప్పించాను.

సిలికా పొడి పీల్చి ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు సిలికోసిస్. డాక్టరు గుర్తిస్తే ప్రభుత్వానికి తెలపాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. గుర్తిస్తే కదా! మనలాగే రాయి మీద బతికే రాజస్థాన్ 2019లో దీనికోసం ప్రత్యేక విధానం తెచ్చింది. జబ్బు తేలితే 3 లక్షలు, మనిషి పోతే కుటుంబానికి 2 లక్షలు. డబ్బు కంటే నాకు అందులో నచ్చింది, రోగిని నువ్వేం పని చేస్తావని అడగక తప్పని పరిస్థితి తేవడం. అదే రాజస్థాన్‌లో కిషన్‌గఢ్ మార్బుల్ బురదంతా ఒకే యార్డులో పోస్తారు. మంచుకొండలా ఉందని పెళ్లి ఫొటోలు తీసుకోవడానికి వెళ్తున్నారిప్పుడు. ఆ పిచ్చి మనకొద్దు గానీ, ఒక చోట పోయడం మాత్రం కావాలి.

ఇంకో సంగతి. సిమెంటుకు ప్రధానంగా కావలసింది సున్నపురాయి పొడే. మా మండలంలోనే బుగ్గానిపల్లెలో సిమెంటు ఫ్యాక్టరీ ఎన్నో ఏళ్ల కిందటే పెట్టారు. కొండ తవ్వి, రాయి నూరి సిమెంటు చేస్తారు. ఆ పక్కనే మేం నూరిన పొడిని వంకలో పోస్తాం. ప్రతి కుప్పా పనికొస్తుందని అనను, పరీక్ష చేయాల్సిందే. లారీ లోడుకు ఇంతని మా దగ్గర వసూలు చేస్తే ఆ పరీక్షకూ, యార్డుకూ సరిపోతుంది. చిన్న ఫ్యాక్టరీలు మూతపడతాయని మావాళ్లు గోల చేస్తారు. నేనూ చేసేవాణ్ణే. కానీ అప్పట్లో డీజిలుకూ బ్లేడుకూ పెట్టిన ఖర్చు ముందు అదెంత?

నంద్యాల కలెక్టరాఫీసు నుంచి ఆరు నెలల జాబితా పోయేటప్పుడు అందులో మా తెల్ల కుప్పలు ఉండాలి. మినహాయింపు వర్తిస్తుందో లేదో కొలిచాక తేల్చుకోవచ్చు. నా ట్రాక్టరు పోసిన చోట్లు నాలుగు నాకిప్పటికీ గుర్తున్నాయి, పిలిస్తే వచ్చి చూపిస్తాను. మిగతావి డ్రైవరును అడగాలి.