ఏమీ అనని అమ్మమ్మ ఇంట్లో

2024లో థాయిలాండ్ వెళ్లిన భారతీయులు 20 లక్షలు దాటారు. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు నేరుగా విమానాలున్నాయి, మనవాళ్లూ బాగానే వెళ్తున్నారు. చాలామంది బ్యాంకాక్, పట్టాయా, ఫుకెట్ చూసి, మన తిండి దొరికే హోటల్లో తిని, బట్టలు కొనుక్కుని తిరిగొస్తారు. అంత దూరం వెళ్లి ఒక్క థాయి ఇంటి గడప అయినా తొక్కకుండా రావడం నాకు బాధ కలిగిస్తుంది. ఈశాన్యాన ఉన్న ఈసాన్ ప్రాంతంలో, ఖోన్ కేన్ దగ్గరి ఒక పల్లెలో ఒక కుటుంబంతో కొంతకాలం ఉన్నాను. అలా ఉండబోయేవాళ్లకు ముందుగా తెలియాల్సిన సంగతి ఒకటుంది.

మన ఇళ్లలో చుట్టం వస్తే కొసరి కొసరి వడ్డిస్తాం, వద్దన్నా వేస్తాం, పొరపాటు చేస్తే “అలా కాదమ్మా” అని చెప్పేస్తాం. అక్కడ ఏమీ చెప్పరు. ఎదుటి మనిషిని ఇబ్బందిలో పెట్టకూడదు, తమ వల్ల ఒకరికి భారం కలగకూడదు అనే పట్టింపు వాళ్లలో చాలా లోతుగా ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు ప్యాంట్లు, లోదుస్తులు ఉతికి మనిషి తల కంటే ఎత్తుగా ఉన్న తీగ మీద ఆరేస్తారు. నడుము కింద కట్టే బట్ట మనుషుల తలల మీదుగా ఉండటం వాళ్లకు సమ్మతం కాదు. ఆ ఇంటి అమ్మమ్మ చూస్తుంది, ఒక్క మాటా అనదు. మధ్యాహ్నానికి ఆ బట్టలు పెరటి వైపు కింది తీగ మీదికి మారి ఉంటాయి. అతిథికి ఆ ఇంట్లో దొరికే పాఠం అంతే. చూసి పట్టుకోవాలి.

తెల్లవారకముందే ఆ ఇల్లు లేస్తుంది. రాత్రి నానబెట్టిన జిగురు బియ్యాన్ని అమ్మమ్మ గరాటు లాంటి వెదురు బుట్టలో పోసి, నీళ్లు మరుగుతున్న కుండ మూతి మీద నిలబెడుతుంది. కింద బొగ్గుల కుంపటి. బియ్యం నీళ్లలో ఉడకదు, ఆవిరి మీదే ఉడుకుతుంది. మధ్యలో బుట్టను ఒక్క ఊపు ఊపి అన్నం ముద్దను తిరగేస్తుంది, అది చూసి తీరాల్సిన పనితనం. ఉడికాక చెక్క పలక మీద పరిచి, ఆవిరి పోయేదాకా తిరగతిప్పి, మూతున్న చిన్న వెదురు బుట్టల్లో సర్దుతుంది. మొదటి బుట్ట ఇంట్లోవాళ్లకు కాదు. కాసేపట్లో భిక్షువులు వరుసగా, చెప్పుల్లేకుండా వీధి వెంట వస్తారు. అమ్మమ్మ కూడా చెప్పులు విడిచి, గొంతుక్కూర్చుని, ఒక్కో భిక్షాపాత్రలో కొంచెం కొంచెం అన్నం వేస్తుంది. స్త్రీలు భిక్షువులను తాకరు. పక్కన నిలబడి ఫోన్‌లో ఫొటోలు తీసే అతిథిని కూడా ఎవరూ వారించరు. అయినా ఆ వేళ ఫోన్ లోపల పెట్టి, ఆమె పక్కన కూర్చుని ఒక ముద్ద వేయాలని నా అభిప్రాయం. ఆ రోజంతా ఇంట్లోవాళ్లు మీతో ఉండే తీరే వేరుగా ఉంటుంది.

భోజనం చాప మీద. గిన్నెలన్నీ మధ్యలో, అందరూ చుట్టూ. కుడిచేత్తో అన్నం చిదిమి, చిన్న ఉండ చేసి, కారంలోనో కూరలోనో అద్దుకుని తింటారు. ఈ పద్ధతి మనకు ఒక్క పూటలో అబ్బుతుంది. అబ్బనిది మరొకటి. అక్కడ ఒక్కో గిన్నెలోంచి ఒక్కో చెంచా మాత్రమే తీసుకుంటారు, అది తిన్నాకే మళ్లీ తీసుకుంటారు. మనలా అన్నీ ఒకేసారి పళ్లెంలో కుప్పగా వడ్డించుకుంటే మిగతావాళ్ల వాటా లాగేసుకున్నట్టు కనిపిస్తుంది.

మట్టి రోట్లో కర్ర రోకలితో పచ్చి బొప్పాయి తురుము దంచి చేసే సోమ్ తమ్ అక్కడ రోజూ ఉంటుంది. చేపలను ఉప్పు, తవుడుతో నెలల తరబడి పులియబెట్టిన పలా రా అందులో పడకపోతే ఈసాన్ మనిషికి అది సోమ్ తమ్ కాదు. ఆ వాసన అతిథికి పడదని గమనించిన మరుసటి రోజు నుంచి అమ్మమ్మ రెండుసార్లు దంచుతుంది, పలా రా లేకుండా ఒకటి, వేసి ఒకటి. చెప్పి చేయదు. శాకాహారులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. చేపల సారాన్ని మాంసంగా లెక్కపెట్టే అలవాటు చాలా ఇళ్లలో లేదు. కాబట్టి ఏది తినరో మొదటి రోజే వివరంగా చెప్పాలి. తీసుకెళ్లిన పచ్చడి గదిలో కూర్చుని తినకండి, చాప మీద పెట్టండి. కారం తినే ఇల్లు అది, ఆవకాయ సీసా గిన్నెల మధ్యకు చేరితే అది కూడా అందరిదీ అవుతుంది.

నేను అమ్మమ్మ అమ్మమ్మ అంటున్నది ఊరికే కాదు. ఈసాన్‌లో ఇల్లరికం పాత ఆచారం. పెళ్లయ్యాక అల్లుడే అత్తారింటికి వస్తాడు, చిన్న కూతురు తల్లిదండ్రుల దగ్గర ఉండిపోతుంది, ఇల్లు చాలావరకు ఆమెకే వస్తుంది. పెళ్లిలో డబ్బు, బంగారం ఇచ్చేది వరుడి వైపు, పుచ్చుకునేది వధువు తల్లిదండ్రులు. కట్నాల కోసం పొలాలు అమ్ముకున్న ఊళ్లలోంచి వెళ్లినవాళ్లం, ఆ ఇంట్లో ఆడమనిషి మాటకున్న బరువు చూసి చాలాసేపు ఆలోచనలో పడతాం. అయితే నేనున్న ఇంటి చిన్న కూతురు కూడా ఇప్పుడు అక్కడ లేదు. భర్తతో కలిసి బ్యాంకాక్ వైపు ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. పిల్లలను పెంచుతున్నది అమ్మమ్మే. పాలమూరు వలసలు తెలిసినవాళ్లకు ఈ ఇల్లు కొత్తగా అనిపించదు. ఏప్రిల్ 13న థాయి కొత్త సంవత్సరమైన సోంక్రాన్‌కు కొడుకులూ కూతుళ్లూ బస్సులు నిండా తిరిగొస్తారు, పెద్దల చేతుల మీద సుగంధపు నీళ్లు పోసి దీవెనలు అందుకుంటారు. వెళ్లగలిగితే ఆ రోజుల్లో వెళ్లండి, ఇల్లు నిండుగా ఉంటుంది.

తెలిసిన కుటుంబం లేనివాళ్లకూ దారి ఉంది. చియాంగ్ మై దగ్గర మే కంపోంగ్ లాంటి పల్లెల్లో ఊరంతా కలిసి ఇళ్లలో అతిథులను ఉంచుకుంటుంది, వచ్చినదాంట్లో కొంత ఊరి నిధికి పోతుంది. స్నేహితుల ఇంట్లో అయితే డబ్బు చేతిలో పెడితే నొచ్చుకుంటారు. పొద్దున్నే సంతకు వెళ్లి కూరగాయలు, చేపలు, పిల్లలకు పళ్లు కొని తెచ్చి వంటింట్లో పెట్టండి. తిన్నాక గిన్నెలు తోమండి, వద్దంటారు, అయినా తోమండి.

ఇంకొకటి, చాలామంది అతిథులకు తెలియనిది. థాయి వలస చట్టం 1979 నాటిది. దాని ప్రకారం విదేశీయుణ్ణి ఇంట్లో ఉంచుకున్న యజమాని 24 గంటల్లోగా అధికారులకు తెలియజేయాలి. చెప్పకపోతే జరిమానా పడేది ఇంటివాళ్లకు. పాస్‌పోర్టు ఇవ్వమని వాళ్లు మిమ్మల్ని అడగరు, అడగలేరు. వచ్చిన సాయంత్రమే, కాళ్లు కడుక్కోగానే, మీరే తీసి ఇవ్వండి.