బస్రా బిడ్డ, నార్వే చమురు

చమురు ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన ఇళ్లలో ఒక విధమైన గర్వం తొంగిచూస్తుంది. భూగర్భంలోని ఈ సంపదలో అధికభాగం ముస్లిం దేశాలకే దక్కిందని, అది అల్లాహ్ వరమని చెప్పుకుంటాము. కడప నుంచి, హైదరాబాద్ పాతబస్తీ నుంచి గల్ఫ్‌కు వెళ్లిన బిడ్డల సంపాదనతో ఎన్నో కుటుంబాలు నిలదొక్కుకున్న మాట కూడా వాస్తవమే. అయితే చమురు ఉన్నంత మాత్రాన ఒక దేశం బాగుపడుతుందా? ఈ ప్రశ్నకు ఫారూఖ్ అల్ ఖాసిం జీవితంలో కొంత సమాధానం దొరుకుతుందని మా అభిప్రాయం.

ఆయన ఇరాక్‌లోని బస్రాకు చెందినవారు. లండన్‌లో చదివిన భూగర్భ శాస్త్రవేత్త. స్వదేశంలో చమురు కంపెనీలో మంచి ఉద్యోగం. సెరిబ్రల్ పాల్సీతో బాధపడుతున్న చిన్న కుమారుని చికిత్స కోసం 1968లో, భార్య పుట్టిన దేశమైన నార్వేకు కుటుంబంతో తరలివెళ్లారు. పని వెతుక్కుంటూ అక్కడి పరిశ్రమల మంత్రిత్వ శాఖ గడప తొక్కారు. సముద్రంలో చమురు అన్వేషణ నివేదికలు వచ్చిపడుతున్నాయి. వాటిని చదివి అర్థం చెప్పే నిపుణులు ఆ శాఖలో తగినంతమంది లేరు. ఆ పని ఆయనకు అప్పగించారు. మరుసటి ఏడాదే ఎకోఫిస్క్ నిక్షేపం బయటపడింది.

నార్వే మొదట నియమాలు రాసుకుంది. 1972లో ప్రభుత్వ చమురు కంపెనీని, కంపెనీలన్నిటిపై పర్యవేక్షణ జరిపే డైరెక్టరేట్‌ను వేర్వేరుగా నెలకొల్పింది. ఆ ముసాయిదా రాసినవారిలో ఈ బస్రా బిడ్డ ఒకరు. తవ్వేవాడే తనిఖీదారు కారాదన్న సూత్రం విలువ, జీవితమంతా దస్త్రాల మధ్య గడిపిన మావంటి గుమాస్తాలకు విడమరచి చెప్పనక్కరలేదు. చమురు లాభాలపై పన్ను 78 శాతం. 1990లో చట్టం చేసి, 1996 నుంచి మిగులు ధనాన్ని ఒక నిధిలో జమ చేస్తున్నారు. అందులో ఏటా సుమారు 3 శాతానికి మించి బడ్జెట్‌కు వాడరాదన్నది నేటి కట్టుబాటు. 60 లక్షల జనాభా కూడా లేని ఆ దేశపు నిధి నేడు లక్షన్నర కోట్ల డాలర్లు దాటింది. దాని లెక్కలు ఎవరైనా చూడవచ్చు.

మరి బస్రా? ఇరాక్ కూడా 1972లోనే విదేశీ చమురు కంపెనీని జాతీయం చేసింది. ఆ దశాబ్దంలో చమురు డబ్బుతో బడులు, ఆసుపత్రులు వెలిశాయి. అక్షరాస్యతా ఉద్యమం సాగింది. దీనిని మరువరాదు. కానీ లెక్క అడిగే నోరు లేని పాలనలో ఆ ధనం యుద్ధాలకు మళ్లింది. 1980లో ఇరాన్, 1990లో కువైట్. ఆపై ఆంక్షలు, 2003లో అమెరికా దండయాత్ర. పరాయి దురాక్రమణ పాత్రను మేము తక్కువ చేయడం లేదు. అయితే నిందనంతా బయటివారిపైకి నెట్టి ఊరట పొందడం మనకు బాగా అలవాటైంది. 2018 వేసవిలో బస్రాలో కలుషిత నీటి వల్ల లక్షకు పైగా జనం ఆసుపత్రుల పాలయ్యారు. చమురు బావుల వద్ద వాయువు మంటలై వృథాగా కాలిపోతుంటే, విద్యుత్తు కోసం ఇరాన్ నుంచి వాయువు కొనుక్కున్న దేశమది.

నార్వేకు చమురు దొరకకముందే ఎన్నికైన శాసనసభ, చదువుకున్న ప్రజలు ఉన్నారు కదా అని కొందరంటారు. మేము చెప్పేదీ అదే.

ఇది దూరదేశాల ముచ్చట మాత్రమే కాదు. కోనసీమ నేల కింద సహజవాయువు ఉంది. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇళ్లలో నిద్రిస్తున్నవారు కాలిపోయారు. తమ పొలాల కింది వాయువుపై ఎంత రాయల్టీ వచ్చింది, తమ ఊరి బడికి, ఆసుపత్రికి అందులో ఎంత చేరింది, పైపులైను తనిఖీ ఎప్పుడు జరిగింది అని అడిగే హక్కు 2005 సమాచార హక్కు చట్టం అక్కడివారికి, మనకు కూడా ఇచ్చింది. కేంద్ర ప్రభుత్వ సంస్థలకు పెట్టుకునే దరఖాస్తు రుసుము 10 రూపాయలు.