ప్లాస్టిక్ ట్యాంక్‌ను కోయొద్దు, నా ఓటు సర్జ్ ట్యాంక్‌కే

నా పాత జీప్‌లో కార్బురేటర్ ఇంజిన్ తీసేసి ఫ్యూయల్ ఇంజెక్షన్‌ది వేయిస్తున్నా. పంప్ లోపల పెట్టడానికి ప్లాస్టిక్ ట్యాంక్ పైన కోసి, చుట్టూ సీలెంట్ పూసేద్దాం అన్నాడు మెకానిక్. నేను ఒప్పుకోలేదు. హెచ్‌డీపీఈకి ఏ జిగురూ సరిగా పట్టదు. వేడిపెట్టి అతికిద్దామంటే, ఖాళీ ట్యాంక్‌లోనూ పెట్రోల్ ఆవిరి ఉంటుంది. భగ్గుమంటే అంతే సంగతులు!

పైగా ఈ ట్యాంక్ లోపల అడ్డుగోడల్లేవు. కార్బురేటర్‌కైతే ఫ్లోట్ బౌల్‌లో కాస్త నిల్వ ఉంటుంది, పర్లేదు. ఇంజెక్షన్‌కు సుమారు 3 బార్ ప్రెజర్ ఆగకుండా అందాలి. మలుపులో పెట్రోల్ పక్కకు జరిగి పంప్ గాలి పీల్చిందా, ఘాట్ రోడ్డు మధ్యలో బండి ఆగిపోతుంది.

బయట చిన్న సర్జ్ ట్యాంక్ పెడితే లో ప్రెజర్ పంప్ దాన్ని నింపుతూ ఉంటుంది, హై ప్రెజర్ పంప్ అక్కణ్నుంచి లాగుతుంది. ఎక్కువైంది రిటర్న్ పైపులో వెనక్కి. ఖర్చు ఎక్కువే, రెండు పంపుల రొద కూడా. హోస్‌లు మాత్రం ఇంజెక్షన్ రకమే అడిగి కొనండి, పాత రబ్బరు పైపు ఆ ప్రెజర్‌కు తట్టుకోదు.