ముల్లు ఎర్రగీత తాకితే...

మే నెల. మిట్టమధ్యాహ్నం. పెళ్లికని ఇంటిల్లిపాదీ పాత కారులో బయల్దేరారు. వంద కిలోమీటర్లు హాయిగా సాగిన బండి, టోల్‌గేటు వరుసలో పది నిమిషాలు ఆగేసరికి బానెట్ అంచుల్లోంచి ఆవిరి కక్కింది. 1994లో వచ్చిన ఎస్టీమ్, 1999లో వచ్చిన యాక్సెంట్ లాంటి సెడాన్లు ఇప్పటికీ వాడుతున్న ఇళ్లలో ఇది కొత్త కథేం కాదు.

అసలు ప్రమాదం ఆ తర్వాత ఉంటుంది. ఎవరో ఒకరు గబగబా వెళ్లి రేడియేటర్ మూత తిప్పబోతారు. ఆ చేతిని ముందు ఆపాలి. మూతలోని స్ప్రింగు ఒత్తిడిని బిగబట్టి ఉంచుతుంది కాబట్టి లోపలి నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగవు. అచ్చం ప్రెషర్ కుక్కర్ సూత్రమే. విజిల్ పోకుండా కుక్కర్ మూత తీయని ఇంట్లోనే, రేడియేటర్ మూత మాత్రం ధైర్యంగా తిప్పేస్తారు! వదులైన క్షణంలో మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. కనీసం అరగంట ఆగి, పై గొట్టం చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడ్డాకే మందపాటి గుడ్డ వేసి మెల్లగా తిప్పాలి. కాలుతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు కుమ్మరించినా ముప్పే. లోహం పగుళ్లిస్తుంది.

దారిలో ముల్లు పైకి లేవడం గమనిస్తే వెంటనే ఏసీ ఆపేసి, అద్దాలు దించి, హీటర్ పూర్తిగా పెట్టండి. మండుటెండలో హీటరేంటని నవ్వొచ్చుగానీ, అదీ ఓ బుల్లి రేడియేటరే. ఇంజిన్ వేడిని కొంత లాగేస్తుంది. ముల్లు ఎర్రగీత తాకితే మాత్రం పక్కకు తీసి ఇంజిన్ ఆపేయడమే.

మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు ఒక్క సంగతి గుర్తుచేసుకోండి. బండి ఎప్పుడు వేడెక్కింది? ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేడెక్కి, రోడ్డెక్కగానే చల్లబడుతోందంటే అనుమానం ఫ్యాను మీదే. పరుగులో ఎదురుగాలి ఆ పని చేసిపెడుతుంది కాబట్టి తేడా తెలియదు. ముందు ఫ్యూజు, రిలే చూడాలి. తర్వాత వేడిని పసిగట్టి ఫ్యాన్ని తిప్పే థర్మో స్విచ్. మోటారు వంతు ఆఖర్న. నేరుగా బ్యాటరీ కరెంటు ఇస్తే ఫ్యాను తిరుగుతోందా? అయితే మోటారు బాగున్నట్టే. కొత్తది కొనక్కర్లేదు.

వేగంగా వెళ్తున్నప్పుడే ముల్లు లేస్తుంటే లోపం వేరు. కూలెంట్ తగ్గి ఉండొచ్చు, వాటర్ పంపు కారుతుండొచ్చు, రేడియేటర్ గొట్టాలు పూడిపోయి ఉండొచ్చు. ఈ చివరిది చాలావరకు చేజేతులా తెచ్చుకున్నదే. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోస్తే గీజరు కాయిల్‌కి పట్టినట్టే తెల్లటి పొర పేరుకుపోతుంది. చలిదేశాలకేగానీ మనకెందుకు కూలెంట్ అనుకోవడమూ సరికాదు. నీళ్లు గడ్డకట్టకుండా చూడటమొక్కటే దాని పని కాదు, తుప్పునూ ఆపుతుంది. డిస్టిల్డ్ వాటర్‌తో, డబ్బా మీద చెప్పిన పాళ్లలో కలిపి పోయాలి. స్టార్ట్ చేసిన కాసేపటికే ముల్లు పైకెళ్లి, కింది గొట్టం మాత్రం చల్లగానే ఉంటే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండొచ్చు. కొందరు దాన్ని పీకి పారేయమంటారు. అప్పుడు ఇంజిన్ సరైన వేడికి చేరడానికి ఎక్కువసేపు పట్టి పెట్రోలు దండగవుతుంది. కొత్తది వేయించుకోవడమే మేలు.

పైకి ఎక్కడా కారడం లేదు, అయినా కూలెంట్ తగ్గుతూనే ఉందంటే ముందు రేడియేటర్ మూత రబ్బరు చూడండి. గట్టిపడితే ఒత్తిడి నిలవదు. అతి తక్కువ ఖర్చుతో పోయే రోగమిది. మూత బాగానే ఉండి, వేడెక్కాక కూడా సైలెన్సర్లోంచి తెల్లటి పొగ ఆగకపోయినా, ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనిపించినా హెడ్ గ్యాస్కెట్ పోయిందేమో పరీక్ష చేయించాల్సిందే. అల్యూమినియం హెడ్ వంగితే ఇంజిన్ విప్పి ఫేసింగ్ చేయించాలి. పాత బండికి ఆ ఖర్చు ఒక్కోసారి అమ్మితే వచ్చే ధరతో పోటీపడుతుంది. ఫేసింగ్ అవసరమని చెబితే హెడ్ ఎంత వంగిందో స్కేలు, ఫీలర్ గేజి పెట్టి చూపించమని అడగండి. వంపు కంపెనీ చెప్పిన హద్దులో ఉంటే గ్యాస్కెట్ మార్పుతోనే బండి బయటికొస్తుంది.