మే నెలలో ఫుల్ హ్యాండ్స్

మే నెల. సూర్యాపేటలో తారు కరిగి చెప్పులకు అంటుకుంటోంది. పెళ్లి బంతిలో మా దూరపు చుట్టాలమ్మాయి ఒకతె మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు వేసుకొని సాంబారు వడ్డిస్తోంది. గరిటె ఎత్తేటప్పుడు చెయ్యి కాస్త పైకి జరిగింది. మానిపోయిన గీతలు, చిన్నపిల్లల కాపీ బుక్కులో గీతల్లాగా, వరసగా. పక్కనున్న పెద్దమ్మా చూసింది. "అన్నీ ఏషాలు బిడ్డా దీనికి" అన్నది, ఆ పిల్లకు వినబడేలా. నేను నోరు మూసుకొని పప్పన్నం కలుపుకున్నాను.

ఏషాలు, నకరాలు, నాటకాలు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఎక్కడికెళ్లినా ఇంత నొప్పికి మన దగ్గరున్న మాటలివే. ఇంకాస్త ముదిరితే "గాలి సోకింది, జాన్‌పహాడ్ దర్గాకు తీస్కపోదాం". దర్గాను నేనేమీ అనను, అక్కడ కనీసం ఎవరూ ఏషాలని తిట్టరు. నా ఒళ్లు మండేది ఆ తర్వాతి మాటకు: "పెండ్లి చేస్తే అదే కుదురుకుంటది." అయినవాళ్లు వదిలేసి పోతారేమోనన్న భయమే జబ్బైన పిల్లను ముక్కూ మొహం తెలియని ఇంటికి పంపితే కుదురుకుంటుందా? మిర్యాలగూడ రైస్ మిల్లనుకున్నారా, ఇటు వడ్లు పోస్తే అటు బియ్యం రావడానికి?

ఈ జబ్బును బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అంటారు. పేరే దరిద్రపుది. న్యూరోసిస్‌కూ సైకోసిస్‌కూ మధ్య ఎటూ తేలని రోగులను 1938లో అడాల్ఫ్ స్టెర్న్ అనే వైద్యుడు అలా అన్నాడు. 1980లో అమెరికా మానసిక వైద్యుల జాబితాకెక్కి అంటుకుపోయింది. మనకు బోర్డర్ అంటే 35 మార్కులు. లేదా కోదాడ దాటాక ఆంధ్రా సరిహద్దులోని రామాపురం అడ్డరోడ్డు. లాక్‌డౌన్‌లో అక్కడ ఆగిపోయినవాళ్లను అడగండి ఎలా ఉంటుందో. ఈ పిల్లలు రోజూ అక్కడే నిలబడి ఉంటారు. పొద్దున "నువ్వే నా ప్రాణం" అన్న మనిషే, మధ్యాహ్నం పది నిమిషాలు ఫోన్ ఎత్తకపోతే "నన్ను వదిలించుకుంటున్నవ్ గదా" అని ఇల్లు పీకి పందిరేస్తుంది. కోపం దిగాక సిగ్గుతో కుమిలిపోతుంది. తానెవరో తనకే అంతుపట్టదు, లోపలంతా ఖాళీ. మగపిల్లల్లోనూ ఉంటుంది. వాళ్లకు పోకిరి అని పేరుపెట్టి చేతులు దులుపుకుంటాం.

ఇంట్లోవాళ్లు నలిగిపోతారు, కాదనను. అర్థం చేసుకోవడమంటే తిట్లన్నీ పడి ఉండడమూ కాదు. కానీ జ్వరమొచ్చిన పిల్లను ఒళ్లెందుకు కాలుతోందని కొడతామా?

మందు తాగిందని ఆసుపత్రికి తెస్తారు. మన భాషలో విషానికీ మందే పేరు, మరి! కడుపు కడిగి, "మళ్లీ నువ్వేనా?" అని నవ్విన సిబ్బందిని ఒకచోట నా కళ్లతో చూశాను. చావబోయిన మనిషి, వేరేలా రుజువు కానంతవరకు, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్షించకూడదు, చికిత్స చేయించే బాధ్యత ప్రభుత్వానిది అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. ఆ ముక్క క్యాజువాలిటీ గోడ మీద రాయడానికి డబ్బా రంగు చాలదా? సూర్యాపేటకు 2016లో జిల్లా వచ్చింది, 2019లో మెడికల్ కాలేజీ వచ్చింది. వారం వారం గంటసేపు కూర్చొని ఈ పిల్లల మాట వినే మనిషి ఊరూరా ఎప్పుడొస్తాడు? ఈ జబ్బుకు అసలు వైద్యం మాటే, మాత్రలు పక్కవాద్యం. ఆ మాటల వైద్యాల్లో పేరున్న డయలెక్టికల్ బిహేవియర్ థెరపీని (డీబీటీ) తయారుచేసిన మార్షా లినెహాన్ కూడా పదిహేడేళ్లప్పుడు తనను తాను గాయపరచుకుంటూ ఆసుపత్రి గదిలో బందీగా గడిపిన పిల్లే. ఆ సంగతి ఆమె 2011లో, అరవై దాటాక, లోకానికి చెప్పింది. ఇలాంటి రోగులను పదేళ్లు వెన్నంటి చూసిన ఓ అమెరికా అధ్యయనంలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా కనీసం రెండేళ్లపాటు లక్షణాలు తగ్గి కనిపించాయి. ఇది బాగుపడే జబ్బు కాదని మనకు చెప్పిందెవడు?

మానసిక సాయానికి సర్కారు ఫోన్ లైన్ ఒకటుంది, టెలీమానస్. నంబరు 14416. డబ్బులక్కర్లేదు, రాత్రి రెండింటికైనా తెలుగులో మాట్లాడొచ్చు. పెళ్లిలో సాంబారు వడ్డించిన ఆ పిల్లకు పంపాను. "థాంక్స్ అన్నా" అని జవాబొచ్చింది. పెద్దమ్మకూ పంపాను. సాయంత్రం ఆమే ఫోన్ చేసింది.

"నంబరు సరే గానీ బిడ్డా, దానికేమన్న సంబంధం చూసినవా?"