నేను పెట్టిన వన్ స్టార్

పోయిన నవంబర్‌లో నేను ఫోన్‌లో ఒక రివ్యూ రాశాను. "గైడ్ రూడ్‌గా మాట్లాడాడు. నీళ్లలో దిగనివ్వలేదు. గంట ముందే వెనక్కి తీసుకొచ్చేశాడు. డబ్బులు దండగ." కింద ఒక్క స్టార్. వ్యాన్ ఇంకా ఘాట్ రోడ్డు కూడా దిగలేదు, నా రివ్యూకి మావాళ్లవే ఆరు లైకులు వచ్చేశాయి.

నెల తర్వాత దాన్ని తీసేశాను. ఎందుకు పెట్టానో, ఎందుకు తీసేశానో ఇక్కడ చెప్తాను. సెమిస్టర్ అయ్యాక ఏదో ఒక జలపాతానికి పోదామని మన గ్రూపుల్లో పోల్స్ నడుస్తున్నాయి. అవి చూస్తుంటే ఇది రాయాలనిపించింది.

మేం వెళ్లింది తలకోనకి. శేషాచలం కొండల్లో, 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కులో ఉంది. దాదాపు 270 అడుగుల ఎత్తు నుంచి నీళ్లు పడతాయి. మేం 11 మందిమి, అందరం సెకండ్ ఇయర్ సీఎస్ఈ. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయాలని ప్లాన్. గైడ్ అన్నది మా ప్లాన్‌లో లేనే లేదు. అది మా అమ్మ పెట్టిన కండిషన్. "అక్కడి మనిషి ఒకరు తోడుంటేనే పో, లేకుంటే వద్దు" అంది.

అమ్మ భయం వెనక ఒక కారణం ఉంది. 2014 జూన్ 8న హైదరాబాద్‌లోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు హిమాచల్ టూర్‌కి వెళ్లి బియాస్ నదిలో దిగి ఫొటోలు తీసుకుంటున్నారు. పైన లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. అప్పుడు నేను చిన్నపిల్లాణ్ణి, నాకు గుర్తు లేదు. టీవీలో ఆ వీడియో చూసిన అమ్మ మాత్రం మర్చిపోలేదు. "అది డ్యామ్ కదమ్మా, ఇక్కడ డ్యామ్ ఎక్కడుంది?" అని నేను లాజిక్ మాట్లాడాను. అమ్మ వినలేదు. సరే అని గైడ్‌ని మాట్లాడుకున్నాం. తలా 80 రూపాయలు. దానికే ఇద్దరు గొణిగారు.

తిరుపతి నుంచి పొద్దున ఆరున్నరకి బయల్దేరాం. రంగంపేట, భాకరాపేట, నెరబైలు దాటి సిద్ధేశ్వర స్వామి గుడి దగ్గర దిగాం. గైడన్న అక్కడే నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి. భుజం మీద తువ్వాలు, కాళ్లకి మామూలు రబ్బరు చెప్పులు. మేం బ్రాండెడ్ షూస్‌లో ఉన్నాం. మొదటి ప్రశ్నే, "మీలో ఈత వచ్చినోళ్లు ఎంతమంది నాయనా?" అన్నాడు. నలుగురు చేతులెత్తారు, అందులో నేనొకణ్ణి. "అయితే మిమ్మల్నే చూసుకోవాల" అన్నాడు. జోక్ అనుకుని నవ్వేశాం.

దారిలో ఒక చెట్టు దగ్గర ఆగాడు. బెరడు మొసలి చర్మంలా పలకలు పలకలుగా పగిలి ఉంది. ఎర్రచందనం. వెంటనే మావాడొకడు భుజం ఎగరేసి పుష్ప స్టైల్ కొట్టాడు. గైడన్న ఓపిగ్గా నవ్వాడు. వచ్చే ప్రతి బ్యాచ్ అదే చేస్తుందేమో. తర్వాత గిల్లతీగ చూపించాడు. తీగ అంటే నేను సన్నగా ఊహించుకుంటాను. ఇది నా తొడంత లావుంది, ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదికి పోతూనే ఉంది. దేవాంగపిల్లి కనిపిస్తుందా అని అడిగాం. "అది రాత్రి తిరిగేది. ఇప్పుడు పండుకోనుంటాది. ఆ పాటల పెట్టె ఆపితే దానికీ మంచిది, మీకూ మంచిది" అన్నాడు. బ్లూటూత్ స్పీకర్ ఆఫ్ చేశాం, కొంచెం మొహాలు మాడ్చుకుని.

జలపాతం దగ్గరికి వచ్చాక అసలు కథ మొదలైంది. ఈశాన్య రుతుపవనాల వానలు పడుతున్న టైమ్ కాబట్టి నీళ్లు బాగా ఉన్నాయి. మాటలు వినబడని హోరు, మొహం మీద తుంపర. గైడన్న మమ్మల్ని ఒక బండ మీద కూర్చోబెట్టి చెప్పాడు: "ఈ మడుగులో కావాలంటే కాళ్లు పెట్టుకోండి. ఆ గుండం పక్కకి మాత్రం పోవద్దు."

నిజం చెప్తున్నా, నాకు తేడా అర్థం కాలేదు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. నా బుర్రలో మడుగూ పూలే, గుండమూ పూలే. రెండింట్లోనూ నీళ్లున్నాయి, రెండూ ఒకేలా మెరుస్తున్నాయి. మా ముగ్గురం నెమ్మదిగా అటువైపు జరిగాం. ఆయన చూసి గట్టిగా అరిచాడు. వెనక్కి వచ్చాం.

తర్వాత తెలుసుకున్నాను. ఆయన మడుగు అన్నది నీళ్లు నిలిచి అడుగు కనిపించే చోటుని. గుండం అన్నది పైనుంచి పడే నీళ్లు తొలిచి లోతు చేసిన చోటుని. అక్కడ అడుగు కనిపించదు. లోపల బండల అంచులు ఎటు పొడుచుకొచ్చాయో పైనుంచి తెలీదు, అందుకే దూకినవాళ్ల తలలు పగుల్తాయి. పడే నీళ్ల కింద నురగలో గాలి ఎక్కువ. అది మనిషిని మామూలు నీళ్లలా తేల్చదు. కాబట్టి స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకున్న ఈత అక్కడ పనికొస్తుందన్న గ్యారంటీ లేదు. ఈత వచ్చినవాళ్లనే చూసుకోవాలని ఆయన ఎందుకన్నాడో అప్పుడు అర్థమైంది. ఈత రానివాడు ఎలాగూ ఒడ్డునే ఉంటాడు.

ఇవన్నీ ఆ రెండు మాటల్లోనే ఉన్నాయి. ఆయన వార్నింగ్ ఇవ్వనే ఇచ్చాడు, నా తెలుగులో దాన్ని పట్టుకునే చోటు లేదు. ఆ సంగతి ఈ క్లబ్బులో ఉండి ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

పన్నెండున్నర అయ్యుంటుంది. మడుగులో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాం, ఫొటోలు బాగా వస్తున్నాయి. గైడన్న మాత్రం మమ్మల్ని చూడటం లేదు, నీళ్లనే చూస్తున్నాడు. ఉన్నట్టుండి లేచాడు. "ఆకులొస్తా ఉండాయి. పైన వాన పడతా ఉన్నట్టుండాది. లెయ్యండి, పోదాం."

పైకి చూశాం. మా నెత్తిన ఎండ. ఎక్కడో కొండ అంచున కొంచెం నలుపు, అంతే. నీళ్లలో నాలుగు ఎండుటాకులు. దీనికోసం లేవాలా? ఇంకో పావుగంట అన్నాం, ఇంకో రెండు ఫొటోలు అన్నాం. ఆయన గొంతు పెంచాడు. "రాండి అంటే రాండి. బేరమాడేదానికి కాదు నేనొచ్చింది." అప్పుడు మాలో ఒకడు, "డబ్బులిచ్చాం కదా" అన్నాడు.

ఆ ఒకడు నేనే.

ఆయన ఏమీ అనలేదు. వేలు చూపిస్తూ మమ్మల్ని లెక్కపెట్టాడు. 11. వెనకాల తాను నడుస్తూ మమ్మల్ని ముందు నడిపించాడు. గుడి దగ్గరికొచ్చాక మళ్లీ లెక్కపెట్టాడు.

ఇప్పుడు మీరు వరద వచ్చిందనుకుంటారు. రాలేదు. మేం ఉన్న చోట చినుకు కూడా పడలేదు. మూడింటికల్లా కొండ మీద నలుపు కూడా పోయింది. గంటసేపు వేస్ట్ అయిందని వ్యాన్‌లో అందరం తిట్టుకున్నాం. వన్ స్టార్ పెట్టింది అప్పుడే.

డిసెంబర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో బ్యాంకర్స్ అల్గారిథం రాస్తున్నాను. థర్డ్ ఇయర్‌కి రాని వాళ్లకోసం రెండు ముక్కల్లో: ప్రతి ప్రాసెస్ తనకి ఎక్కువలో ఎక్కువ ఎంత కావాలో ముందే చెప్పాలి. అది ఏదైనా అడిగినప్పుడు, ఇచ్చేశాక కూడా అందరూ పని ముగించుకునే దారి ఒకటైనా మిగులుతుందా అని సిస్టమ్ చూస్తుంది. మిగిలితేనే ఇస్తుంది. మిగలకపోతే చేతిలో ఖాళీగా ఉన్నా ఇవ్వదు. నా ప్రోగ్రామ్ ఒక రిక్వెస్ట్‌ని రిజెక్ట్ చేసింది. వైవాలో మేడమ్, "రిసోర్స్ ఉంది కదా, ఎందుకివ్వలేదు?" అన్నారు. "అన్‌సేఫ్ స్టేట్ మేడమ్" అన్నాను. "ఇస్తే డెడ్‌లాక్ తప్పకుండా అవుతుందా?" అన్నారు. "అవ్వాలని లేదు మేడమ్, అవ్వొచ్చు. అయ్యాక ఆపలేం, అందుకని" అన్నాను. మార్కులు వేసేశారు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక నా జవాబు నాకే వినిపించింది. అదే పని ఒక మనిషి చేస్తే నేను ఒక్క స్టార్ ఇచ్చాను.

నా అభిప్రాయం ఇది. గైడ్‌కి మనం స్టార్లు ఇచ్చే లెక్కే తప్పు. ఎన్ని స్పాట్లు చూపించాడు, ఎంతసేపు ఉండనిచ్చాడు, నవ్వుతూ మాట్లాడాడా అని చూస్తాం. అడవిలో, అందులోనూ నీళ్ల దగ్గర, ఆయన అసలు పని "వద్దు" అనడం. ఆ పని బాగా జరిగితే ఏమీ జరగదు. ఏమీ జరగని దానికి ఫొటో ఉండదు, స్టోరీ ఉండదు. అందుకే మన కళ్లకి దండగలా కనిపిస్తుంది. బియాస్ ఒడ్డున నిలబడ్డ వాళ్లకీ కిందినుంచి నది మామూలుగానే కనిపించి ఉంటుంది. పైన డ్యామ్ ఉన్నా, వాన ఉన్నా, కింద నిలబడ్డవాడికి తేడా తెలీదు. కొండ మీద మట్టి తక్కువ, రాయి ఎక్కువ. పడిన వాన ఇంకకుండా వంకల్లోకి జారిపోతుంది. ముందు ఆకులు, పుల్లలు వస్తాయి, నీళ్ల రంగు మారుతుంది, తర్వాత మట్టం లేస్తుంది. ఆ మొదటి నాలుగు ఆకుల్ని చదవగలిగినవాడు మా 11 మందిలో ఒక్కడూ లేడు.

దీనికి మావాళ్లు చెప్పే అబ్జెక్షన్లు నాకు తెలుసు. ఒకటి, ఇంత భయపడితే ఎక్కడికీ పోలేం. నిజమే. బ్యాంకర్స్ అల్గారిథం మరీ జాగ్రత్తపరురాలని, మామూలు ఆపరేటింగ్ సిస్టమ్స్ దాన్ని వాడవని టెక్స్ట్‌బుక్కే చెప్తుంది. కానీ కంప్యూటర్ హ్యాంగ్ అయితే రీస్టార్ట్ చేస్తాం. రెండు, అందరు గైడ్లూ ఇలా ఉండరు. కొందరు గబగబా తిప్పేసి ఇంకో బ్యాచ్ కోసం పరిగెడతారు. అదీ నిజమే. అందులో మన చేయి కూడా ఉంది. యాభై మందికి ఒక గైడ్‌ని పెట్టి, అందులోనూ బేరమాడి, ఆయన ముందు నడుస్తుంటే వెనక ఇరవై మంది ఎక్కడున్నారో తెలియకుండా పోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు? మూడు, డబ్బులు. తలా 80 రూపాయలు మేం దారిలో కూల్ డ్రింకులకి ఖర్చు పెట్టినదానికంటే తక్కువ.

కాబట్టి ట్రిప్ ప్లాన్ చేసేవాళ్లకి నా రిక్వెస్టులు కొన్ని. పదిమందికి ఒక గైడ్‌ని మాట్లాడుకోండి. నీళ్ల దగ్గరికి పోకముందే "ఈరోజు ఎక్కడిదాకా పోవచ్చన్నా" అని అడగండి. లేవమంటే ముందు లేవండి, ఎందుకో తర్వాత అడగండి. ట్రిప్ మధ్యలో ఆగినా మాట్లాడుకున్న డబ్బులు మొత్తం ఇవ్వండి, లేకపోతే రేపు ఇంకో బ్యాచ్‌ని లేపాలంటే ఆయన చేయి ఆడదు. ఇంకొకటి స్టూడెంట్ కౌన్సిల్‌కి. మన టూర్ పర్మిషన్ లెటర్‌లో బస్సు నంబర్‌కి కాలమ్ ఉంది, డ్రైవర్ ఫోన్ నంబర్‌కి ఉంది, లోకల్ గైడ్‌కి లేదు. ఆ ఒక్క గీత గీయించండి.

రివ్యూ తీసేసిన రోజు గైడన్నకి ఫోన్ చేశాను. సారీ చెప్పాలని రెండు సార్లు రిహార్సల్ కూడా వేసుకున్నాను. "నవంబర్‌లో వచ్చాం అన్నా, 11 మందిమి, డబ్బులిచ్చాం కదా అన్నది నేనే" అన్నాను. ఆయనకి గుర్తు రాలేదు. "ఏ కాలేజీ నాయనా?" అన్నాడు. చెప్పాను. అయినా గుర్తు రాలేదు. "ఆ మాట చానామంది అంటారులే" అన్నాడు.

తర్వాత ఆయనే అన్నాడు. "వానలు తగ్గినాక రాండి. అప్పుడు మడుగులో బాగా దిగచ్చు."

గుండం సంగతి నేను అడగలేదు.